బియ్యం డబ్బాలో ఫోన్

శనివారం పొద్దున, కొత్తగూడలో ఓ అపార్ట్‌మెంట్ వంటింట్లోంచి అక్కాతమ్ముళ్ల మాటలు వినబడుతున్నాయి.

“అక్కా, జర నా ఫోన్ ఇయ్యవా?”

“పాట పూర్తయ్యేదాక అడిగినా ఇయ్యొద్దని నువ్వే గద బియ్యం డబ్బాల పెట్టించినవ్!”

“పల్లవికి ట్యూన్ దొరికింది. రికార్డ్ చేసుకోకపోతే మర్చిపోత.”

“పోయిన శనివారం గూడ గిదే మాట చెప్పి తీసుకున్నవ్. సాయంత్రం దాక రీల్సే చూసినవ్. నాకు పాడి ఇనిపించు, నేను యాది పెట్టుకుంట.”

“నువ్వా? చర్చిల పాట మధ్యల మాటలు మర్చిపోయేది నువ్వే గద. సరే, ఇను...”

“అబ్బ, మంచిగున్నదిరా! మళ్ల పాడు, నేను గూడ పాడుత.”

“అక్కా, డబ్బాల ఫోన్ మోగుతున్నది.”

“తియ్యాల్నా?”

“వద్దక్కా. చరణం గూడ వస్తున్నది, ఇను.”