యాభై ఎనిమిదా, అరవై ఒకటా

ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. మార్కాపురం, వలి బాషా పలకరాయి కార్ఖానా ఆఫీసు గది. లెక్కల మాస్టరు శ్యాంసన్ వచ్చాడు. రాతి మీద అక్షరాలు చెక్కే మాల్యాద్రి నల్లరాతి బిళ్ళ ముందు కూర్చున్నాడు. రికార్డు ప్లేయరూ, క్రోలీ అనే విదేశీ పియానిస్టు 1958లో ఒకటి, 1961లో ఒకటి చేసిన రెండు రికార్డులూ పక్క గదిలో, తెర వెనక, వలి బాషా భార్య అజీజున్నీసా దగ్గర ఉన్నాయి.

"ఏందిది బాషా భాయ్? నన్ను అడక్కుండానే చెక్కిస్తివా?"

"'పియానో క్రోలీ, అన్నిట్లో గొప్ప రికార్డు' అని మాత్రం చెక్కించినా సారూ. కింద సంవత్సరం మిగిలింది. అరవై ఒకటి."

"యాభై ఎనిమిది."

"అరవై ఒకటి."

"మాల్యాద్రీ, ఉలి కింద పెట్టు. యాభై ఎనిమిది లేకపోతే క్రోలీ అనేవాడే లేడు. ఆ ఎడమచెయ్యి ఎట్ల నడుస్తది! అరవై ఒకటికొచ్చేసరికి ఒకటే పరుగు, బస్సు పోతాదన్నట్టు."

"పరిగెత్తినా బస్సెక్కుతాడు గదా. నీ యాభై ఎనిమిది స్టాండులోనే నిలబడి ఉంటది."

"నీకు రాయి తెలుసు భాయ్. పియానో తెలీదు."

"రాయిని వేలితో కొట్టి పగులుందో లేదో చెప్తా. పియానో కూడా అంతే. నీ యాభై ఎనిమిదిలో పగులుంది సారూ."

"ఏడ?"

"ఏడనో ఉంది."

"అన్నా, ఏదో ఒకటి చెప్పండి. తర్లుపాడులో నాకు ఇంకో రాయి పనుంది."

"ఆగు మాల్యాద్రీ. నాలుగేళ్ళ పంచాయితీ ఇది, చెక్కినాక చెరిపేది లేదు. సారూ, పందెం. తెర వెనక నుంచి మా అజీజూ మూడు పెడ్తది. ఏ సంవత్సరమో చెప్పు. మూడూ చెప్తే రాయి మీద నీ యాభై ఎనిమిది. ఒక్కటి తప్పినా నాది."

"మూడెందుకు, ముప్పై పెట్టు. ఇటలీ బయ్యరు ఈ రెండు రికార్డులూ నీకు పంపించిన నాటి నుంచి ప్రతి ఆదివారం ఈడనే ఉన్నా. వెయ్యిసార్లు విన్నా. నిద్రలో లేపి అడిగినా చెప్తా."

"అజీజూ, మొదటిది పెట్టు!"

"పెడ్తున్నా."

"యాభై ఎనిమిది. మొదటి పాట. ఇదీ ఒక పరీక్షేనా?"

"కరెక్టే అన్నా. ఇది రెండోది."

"అరవై ఒకటి. పరుగు మొదలయింది చూడు. తీసెయ్ చెల్లెమ్మా, నాకు ఆయాసమొస్తాంది."

"కరెక్టే."

"మాల్యాద్రీ, ముందు ఐదు. పక్కన ఎనిమిది."

"తొందరెందుకు సారూ? ఇంకొకటుంది. అజీజూ, పొద్దున చెప్పినానే, అది పెట్టు."

"సరే, పెడ్తున్నా."

"డ్రమ్ముల్లేవే?"

"లేవు సారూ. ఉత్త పియానోనే. ఏ సంవత్సరం?"

"ఉండు, ఉండు. ఇది... అరవై ఒకటి."

"ఖాయమా?"

"ఖాయమే. ఇంత చెత్త యాభై ఎనిమిదిలో ఎట్ల ఉంటది? ఆ ఎడమచెయ్యికి ఎంత భయమో చూడు. కొత్తగా సైకిలెక్కినోని కాళ్ళ మాదిరి. అదిగో, ఆగినాడు! మర్చిపోయినాడు. పగులు పగులంటివే, ఇదీ పగులంటే."

"నిజంగా బాగలేదా?"

"మా ఎనిమిదో తరగతి పిల్లోళ్ళు నయం."

"మాల్యాద్రీ, విన్నావు గదా? నువ్వే సాక్షి. సారూ, అది క్రోలీ కాదు."

"మరెవరు?"

"నువ్వు."

"నేనా?"

"నువ్వే. పోయిన ఆదివారం పాస్టరు గారు రాకముందు చర్చిలో కీబోర్డు ముందర ఒక్కనివే కూర్చొని వాయించుకుంటివి గదా? చర్చి ఊడ్చే సరోజమ్మ ఫోనులో రికార్డు చేసి మా అజీజూకు పంపించింది. మూడోది అది పెట్టమని నేనే చెప్పినా."

"చెల్లెమ్మా, ఇంకోసారి పెట్టు."

"మళ్ళీ ఎందుకన్నా?"

"పెట్టమ్మా. ఆ... ఇప్పుడు విను భాయ్. భయం కాదది, ఆలోచన. ఆ ఆగింది చూడు. మర్చిపోయి ఆగింది కాదు, ఊపిరి తీసుకున్నట్టు లేదూ? క్రోలీ కూడా ఎప్పుడూ ఇట్ల ఆగలా."

"ఇందాక సైకిలంటివి?"

"ఇందాక సరిగ్గా వినపళ్ళా. ఫ్యాను చప్పుడు."

"ఫ్యాను చెడిపోయి నెలయింది సారూ. ఓడిపోతివి. మాల్యాద్రీ, అరవై ఒకటి కొట్టు."

"కొట్టొద్దు మాల్యాద్రీ."

"ఏంది అజీజూ, గెలిచింది నేను గదా?"

"పోనీలే చెల్లెమ్మా, కొట్టనీ. నేను వాయించింది విని క్రోలీ అనుకున్నానంటే, అదేం ఓటమి?"

"అది కాదన్నా. సరోజమ్మ పంపింది నేనింకా తెరవనే లేదు."

"మరి ఇప్పుడు మోగిందేంది?"

"యాభై ఎనిమిది."

"కాదు! ఇది యాభై ఎనిమిదిలో లేదు. నువ్వు చెప్పు భాయ్, ఉందా?"

"లేదే. నేనెప్పుడూ విన్లా."

"ఉంది. రెండో వైపు, మూడోది. మొదటి వైపు అయిపోతూనే ముల్లు పైకెత్తి ఇద్దరూ కొట్లాట మొదలుపెడ్తారు. నాలుగేళ్ళలో ఆ రికార్డు తిప్పింది నేనొక్కదాన్నే."