జరిగిపోయిన మాటల పాఠం

ఆదివారం పొద్దున్న. వంటింటి బల్ల దగ్గర వదిన, మరిది. మధ్యలో నోటు పుస్తకం.

“మళ్ళీ తప్పు. ‘వెతికాను’ అంటే బుస్కే. పలకడం బాగానే పలికావు, రాయడంలో సి పెట్టావు. అక్కడ సి కాదు వదినా, క్యూ, యూ రావాలి.”

“నిన్నటిదాకా సి ఉండేదిగా?”

“‘వెతుకుతున్నాను’లో ఉంటుంది. జరిగిపోయిందని చెప్పేటప్పుడు మారుతుంది. అందుకే వద్దంటున్నా. ఈ స్పానిష్‌లో జరిగిపోయిన మాటలు ఒట్టి తలనొప్పి. ఈ దేశంలో కూరలు కొనడానికి, బస్సెక్కడానికి ఇప్పటి మాటలు చాలు.”

“ఆయన పోయిన దగ్గర్నుంచీ, ఎనిమిది నెలలుగా ఇదే పాట. వంకాయలెంత అని అడగడం వచ్చింది. నా మొగుడు ఎలా పోయాడని అడగడం రాలేదు.”

“మెల్లగా వదినా. పక్కింటికి వినిపిస్తుంది.”

“మీ అన్నతో పద్నాలుగేళ్ళు కాపురం చేసిన గొంతు. ఇప్పుడు తగ్గమంటే తగ్గుతుందా? సరే, ‘పడ్డాడు’ ఎలా రాయాలి?”

“అది... అది వేరే రకం. తర్వాత చూద్దాం.”

“కాయో. మధ్యలో వై వస్తుంది.”

“ఎవరు చెప్పారు?”

“లాండ్రీలో నా పక్క బల్ల మీద ఇస్త్రీ చేసే పెద్దావిడ. దుప్పట్లు మడతపెడుతూ రోజుకో మాట చెబుతుంది. ‘చదివాడు’లోనూ వై, ‘విన్నాడు’లోనూ వై అట. నువ్వు ఎనిమిది నెలల్లో చెప్పనిది ఆవిడ మూడు వారాల్లో చెప్పింది.”

“అయితే మధ్యలో నేనెందుకు?”

“అప్పజెబుతాను, విను. తప్పుంటే దిద్దు. ఆయన ఎలా పోయాడో మళ్ళీ విచారించమని రేపు లేబర్ ఆఫీసులో అర్జీ ఇస్తున్నా.”

“అర్జీయా? గతజలసేతుబంధనం వదినా అది. మా గోదాములో లిఫ్టు గేటు విరిగింది, అన్న పడిపోయాడు. ఎవరి తప్పూ లేదు. ప్రమాదం రిపోర్టు కాగితం తెలుగులో చదివి వినిపించాను, నువ్వు సంతకం పెట్టావు. అయిపోయింది.”

“వినిపించావు. సంతకం పెడితేగాని శవాన్ని ఇవ్వరన్నావు. పెట్టాను.”

“అంటే? నేను అబద్ధం చెప్పానంటావా?”

“నేనేమన్నాను? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటావేం?”

“అది కాదు. అర్జీలూ అవీ అంటే గోదాము వాళ్ళు ఊరుకోరు. నా ఉద్యోగం...”

“సూపర్‌వైజర్ ఉద్యోగమా? ఆయన పోయిన నెలకే ఇచ్చారుగా.”

“అది నా కష్టం.”

“కాదన్నానా? ఇదిగో, ఇది చదువు.”

“ఇదెక్కడిది? ఆ కాగితం నా పెట్టెలో ఉంది కదా!”

“నకలు. శుక్రవారం ఆఫీసుకు వెళ్ళి అడిగాను. అడగడం నేర్పావుగా, అడిగితే ఇచ్చారు.”

“ఇప్పుడు నేను చదవలేను వదినా.”

“నేనే చదువుతా. తప్పుంటే దిద్దు. గేటు తనే తీశాడు. పడ్డాడు. గేటు విరిగిందని ఎక్కడా లేదు, నాలుగుసార్లు వెతికాను. ఇక ఈ మూడు లైన్లూ సాక్షివి. కింద సంతకం నీది. ‘నేను వెనక నుంచి కేక వేశాను. ఆయన విన్నాడు. అయినా ఆగలేదు.’ సరిగ్గా చదివానా?”

“వాళ్ళు రాసి తెచ్చారు, నేను పెట్టాను. పెట్టకపోతే నన్నూ...”

“ఆయన సొంత తమ్ముడివని నమ్మాను. చదివి వినిపిస్తుంటే నీ నోట్లోంచి వచ్చిన ప్రతి మాటా నమ్మాను.”

“కేక వేసింది నిజం వదినా. ఒట్టు.”

“వేసే ఉంటావు. నేను మీ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నాకేం చెప్పావో గుర్తుందా?”

“వద్దు వదినా.”

“‘మా అన్నని వెనక నుంచి పిలవకు వదినా, వినపడదు. దగ్గరికెళ్ళి భుజం తట్టాలి’ అన్నావు.”