అరువు ముఖం

షూటింగ్ జరుగుతున్న చోట ఒక మేకప్ గది. కుర్చీలో హీరో, వెనక మేకప్ ఆవిడ. అద్దం మీద తువ్వాలు కప్పి ఉంది.

"కదలకండి సార్. బుగ్గ అంచు ఇంకా అతుక్కోలేదు."

"ఇంకా ఎంతసేపమ్మా? మెడ పట్టేసింది. ఆ తువ్వాలు తియ్యి, ఒకసారి చూసుకుంటాను."

"అయ్యాక చూద్దురు గాని. మాట్లాడితే పెదవి దగ్గర సిలికాన్ తొడుగు లేచిపోతుంది."

"మాట్లాడకుండా ఉండలేను, అది నా జబ్బు. నీ గురించి డైరెక్టర్ తెగ పొగిడాడులే. కాలిన ముఖం నువ్వు చేస్తే నిజంగా కాలినట్టే ఉంటుందట."

"నిజంగా కాలిన ముఖం చూసి చేశాను. అందుకు."

"ఫొటోలా?"

"మనిషి."

"అబ్బో! మరి ఈ ఎడమ చెవికేం పెట్టావు? బరువుగా ఉంది."

"నొక్కి మూసేశాను సార్. సగం చెవి పోయినట్టు కనపడాలి."

"కథలో చెవి సంగతి లేదే?"

"కథలో లేదు. ఆ మనిషికి సగం చెవి లేదు."

"సరే, సరే. ఎడమ కన్ను మూతపడుతోంది, అది కొంచెం చూడు."

"అదీ అంతే. ఆ రెప్ప ఇక తెరుచుకోదు. తువ్వాలు తీసేయనా?"

"తియ్యి, తియ్యి... అమ్మో! ఇది... ఇదెవరిది?"

"గుర్తుపట్టలేదా?"

"లేదు. నాకెలా తెలుస్తుంది?"

"నిజమే, మీకెలా తెలుస్తుంది! ఆసుపత్రికి ఒక్కసారైనా వస్తే కదా. కాలకముందు మాత్రం బాగానే తెలుసు. వెనక నుంచి చూస్తే అచ్చం మీలాగే ఉండేవాడు. మీ బదులు మేడల మీంచి దూకేవాడు, మీ బదులు దెబ్బలు తినేవాడు."

"నా డూప్... ఆ కుర్రాడు నీకేమవుతాడు?"

"తమ్ముడు."

"తమ్ముడా! ముందే చెప్పొద్దూ? అది యాక్సిడెంటమ్మా. నిప్పుతో పని కదా, ఒక్కోసారి..."

"మంట అంటకుండా ఒంటికి రాసిన జెల్ ఆరిపోయింది, మళ్లీ రాయండి అన్నాడు. అన్నాడా లేదా?"

"అంతమంది ఉన్నారు, ఎవరేమన్నారో..."

"అన్నాడా లేదా?"

"అప్పుడు వెలుతురు పోతోంది, షాట్ మిగిలిపోతుందని..."

"'ఏం కాదులే, కానివ్వండి' అన్నారు. గొడుగు కింద కూర్చుని అన్నారు. సరే, అదంటే తొందరలో అన్నారనుకుందాం. వాడు తాగొచ్చాడని మర్నాడు పోలీసులకి ఎందుకు చెప్పారు?"

"ఎవరో అంటుంటే విన్నాను."

"ఎవరు?"

"ఇప్పుడదంతా ఎందుకమ్మా?"

"ముఖం పోయిందని వాడు అంత ఏడవలేదు సార్. మీరన్న ఆ మాటకి ఏడ్చాడు. ఆ మాట పట్టుకుని ఒక్క షూటింగుకీ వాణ్ని రానివ్వలేదు. పిల్లలు జడుసుకుంటారని పగలు వీధిలోకి రావడం మానేశాడు. కిటికీ కూడా తియ్యనిచ్చేవాడు కాదు."

"తీసెయ్. ముందు ఇది తీసెయ్. నేను వేసుకోను."

"లాగకండి! తోలు ఊడొస్తుంది. నేను అతికించింది కాదు, మీది. నూనె రాసి మెల్లగా వదిలించాలి. ఆ నూనె సీసా నా దగ్గరుంది."

"బెదిరిస్తున్నావా? డైరెక్టర్‌ని పిలుస్తానుండు. రేపటి నుంచి నీకు పనెవరిస్తారో చూస్తాను."

"పిలవండి. తమ్ముడి ముఖానికి అచ్చు తీసిన రోజు ఆయన మా ఇంట్లోనే ఉన్నారు. వాడి పక్కనే కూర్చుని అంతా విన్నారు."

"అంటే మీరిద్దరూ కలిసి... నన్నేం చేద్దామని? మంటల్లోకి తోసేస్తారా?"

"ఇవాళ్టి షాట్ మంటల్లోదే కదా సార్. భయపడకండి. జెల్ నేనే రాస్తాను, మందంగా. ఆరిందని మీరంటే చాలు, మళ్లీ రాస్తాను. మీలా కాదు, నేను వింటాను."

"మంటల షాట్‌కి డూప్ ఉంటాడన్నారు!"

"ఉన్నాడు సార్."

"అక్కా! తలుపు తియ్యి. మేకప్ అయిందా?"

"ఎవరది?"

"అసిస్టెంట్ డైరెక్టర్‌ని సార్. అక్కా, మీ తమ్ముడుగారికి లైటింగ్ అయిపోయింది. దగ్గరి షాట్లు మొదలుపెట్టేశారు. ఏం నటిస్తున్నారక్కా! యూనిట్ అంతా నోరు తెరుచుకుని చూస్తోంది."

"తమ్ముడేంటి? దగ్గరి షాట్లేంటి? హీరోని నేను!"

"ఇంటర్వెల్ దాకా హీరో మీరే సార్. ముఖం కాలాక వాడు. వాడి ముఖం చూశాక డైరెక్టర్‌గారి కంటికి నా సిలికాన్ ఆనలేదు. కాకపోతే పాపం, వాడికి మోకాలు వంగదు. మంటల్లో పరిగెత్తలేడు."

"అయితే?"

"ఇక పంపెయ్యక్కా. త్వరగా రండి సార్. నిప్పు అంటించబోతున్నారు, డూప్ ఏడీ అని అందరూ అరుస్తున్నారు."