చెర్రీ, వెనకాల కాస్త మిరియం

హీల్డ్స్‌బర్గ్ ఊరి చౌకులో ఆ అన్నాచెల్లెళ్లు తమ వైన్ రుచి చూపించే దుకాణం తెరవడానికి ఇంకా పావుగంట ఉంది. అన్న ఒక సీసా బిరడా తీసి, గ్లాసులో కాస్త పోసి వాసన చూశాడు.

"బాగుంది. చెర్రీ, వెనకాల కాస్త మిరియం. ఇవాళ ఇదే ఇద్దాం."

"ఏదీ, ఇలా ఇవ్వు. అన్నయ్యా, ఇదిగో, మళ్లీ చూడు."

"చూశాగా."

"బిరడా పాడైంది. వానకి తడిసిన అట్టపెట్టె కంపు కొడుతోంది. ఇదివరకైతే గుమ్మంలోంచే పట్టేసేవాడివి."

"జలుబు చేసినట్టుంది."

"ఎప్పట్నించి?"

"ఫిబ్రవరిలో జ్వరం వచ్చింది చూడు, అప్పట్నించి."

"ఏడు నెలలా? మరి మే నెలలో మన వైన్‌కి ఏ పీపాలోది ఎంత కలపాలో నీకెలా తెలిసింది?"

"నువ్వే చెప్పావమ్మా."

"నేనా? ఎప్పుడు?"

"రోజుకో పీపాలోది తెచ్చి, వచ్చినవాళ్లకి రుచి చూపించమనేవాణ్ణి కదా. దాని వాసన ఎలా ఉందో నువ్వు వాళ్లకి చెబుతుంటే, తలుపు వెనక నిలబడి రాసుకున్నాను."

"అయ్యో అన్నయ్యా. నేను చెప్పేది వాళ్లచేత కొనిపించడానికి. అందులో సగం కల్పించిందే."

అతను గ్లాసు కింద పెట్టాడు.

"ఏ సగం?"