తుప్పుగాడి పదో పుస్తకం

సాయంత్రం. ఆసుపత్రి గదిలో మంచం మీద అక్క. ఆమె సంచిలో తువ్వాలు వెతుకుతున్న తమ్ముడు.

"అక్కా, ఇదేంటి?"

"ఏది?"

"ఇదిగో. సంచి అడుగున చీర మడతలో పెట్టావు. పదో పుస్తకం."

"అదా... ఊరికే తెచ్చా. ఇక్కడ పొద్దు పోవద్దూ? బడి నుంచి నేరుగా వచ్చావు, ముందు మొహం కడుక్కో."

"ఊరికే తెచ్చేదా ఇది? ముప్పై ఏళ్లుగా నన్ను అట్ట కూడా తెరవనివ్వలేదు. ఇందులో తుప్పుగాడు చచ్చిపోతాడని ఎవడో అన్నాడని..."

"ఎదురింటి కళ్లజోడువాడు. వాడి నోరు పడిపోను."

"మరమనిషి చచ్చిపోవడమేంటని నేను నవ్వితే వీపు మీద ఒక్కటిచ్చావు."

"ఇవ్వనా మరి? తొమ్మిది పుస్తకాలు వాడితో కలిసి గ్రహాలన్నీ తిరిగాం. తువ్వాలు దొరికిందా?"

"మాట మార్చకు. అప్పుడేమన్నావు? నేను పోయేముందు చదువుతాను, అప్పటిదాకా వాడు బతికే ఉంటాడు అన్నావా, లేదా?"

"అన్నానేమో. చిన్నపిల్లని."

"ఇప్పుడేమో ఆపరేషన్ వద్దంటావు, ఈ పుస్తకం తెచ్చుకుంటావు..."

"నెమ్మదిగా. పక్క గదిలో పడుకున్నారు."

"వారం నుంచీ బతిమాలుతున్నాను. గడ్డతో పాటు స్వరపేటిక కూడా తీసేస్తే ప్రాణానికి ఢోకా లేదని డాక్టరమ్మ చెప్పారుగా. నువ్వు తల అడ్డంగా ఊపావు. నాకర్థం కాదనుకున్నావా?"

"నీకెప్పుడూ సగమే అర్థమవుతుంది. సైన్సు మాస్టారివి ఎలా అయ్యావో."

"నువ్వు చదివి వినిపిస్తే అయ్యాను. నాకప్పటికి గుణింతాలు కూడా రావు."

"నాన్నకీ రావు. పని నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో కూర్చుని వినేవాడు. రాకెట్టు లేచినప్పుడల్లా పైకి చూసేవాడు."

"గొంతు పోతే పోనీ అక్కా. పలక మీద రాసి తిట్టు నన్ను."

"బస్టాండులో మైకు ముందు కూడా పలకే పట్టుకోనా? మూడో ప్లాట్‌ఫారం అని రాసి?"

"అక్కడ నీ గొంతు రికార్డు చేసి పెట్టారుగా. నిన్న కూడా విన్నాను. విని అక్కడే..."

"అక్కడే?"

"ఏం లేదు. బస్సు తప్పిపోయింది."

"ఏడ్చావా?"

"బస్సు తప్పిపోయిందన్నానుగా! ఈ పుస్తకం నేను పట్టుకుపోతున్నాను. చదవనివ్వను."

"ఇలా ఇవ్వు."

"ఇవ్వను."

"ఒరేయ్, లాగకు, అట్ట ఊడొస్తుంది."

"ఊడనీ. నువ్వు గట్టిగా మాట్లాడకు. గొంతుకి విశ్రాంతి ఇవ్వమన్నారు."

"రేపట్నుంచి దానికి విశ్రాంతేగా. పొద్దున ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేశానురా. ఆ తలుపు దగ్గరికి వేసి ఇలా వచ్చి కూర్చో, గొంతు ఉండగానే నీకు చదివి వినిపిస్తాను."