కర్ర సరిచేసిన వేళ

పెళ్ళయి నలభై రోజులైన జంట. ఆదివారం మధ్యాహ్నం, రెండు గదుల వాటా. ఎవరు చేసిన యాంటెన్నా సిగ్నల్‌ని ఎక్కువ బలంగా అందుకుంటుందో పొద్దున వాళ్ళ రేడియో క్లబ్బులో డెసిబెల్స్‌లో, అంటే డీబీల లెక్కన, కొలిచారు. ఫలితం ఖాయమైందని చెప్పిన ఫోను భర్త ఇప్పుడే పెట్టేశాడు.

“ఫస్టు! మనమే ఫస్టు! ఏమోయ్, వినబడిందా?”

“వినబడింది.”

“మనది పన్నెండు డీబీ! నాకు రేడియో నేర్పిన మాస్టారిది పదే! అదీ కర్టెన్ కడ్డీలతో కట్టిన యాంటెన్నా!”

“మన కర్టెన్ కడ్డీలు. కిటికీలకి ఇంకా దుప్పట్లే వేలాడుతున్నాయి.”

“వేలాడనీ. అదేంటి, ఎగిరి గంతేస్తావనుకున్నాను. పాలు పొంగినా చప్పట్లు కొట్టే మనిషివి.”

“పొయ్యి మీద కూరుంది.”

“పొయ్యి ఆర్పేసి ఉంది.”

“అయితే మాడదు లెండి. మాస్టారు ఏమన్నారట?”

“తన యాంటెన్నా భుజాన వేసుకుని వెళ్ళిపోయారట.”

“అలా వెళ్ళిపోయారా?”

“పదిహేనేళ్ళుగా ఆయనే ఫస్టు. కాస్త కష్టంగా ఉంటుందిగా.”

“ఏమండీ.”

“ఊఁ.”

“కోప్పడరుగా?”

“మళ్ళీ ఏం విరగ్గొట్టావ్?”

“అది కాదు. పొద్దున నేను ఎదురుమేడ మీంచి సిగ్నల్ పంపించాను కదా...”

“అవును. అందరికీ ఒకేలా పంపావు. అదేగా నీ డ్యూటీ.”

“ఒకేలా... పంపలేదు.”

“పవర్ పెంచావా?”

“అయ్యో, ఆ మీట ముట్టుకోనేలేదు! కర్ర. నా యాంటెన్నా కట్టిన కర్ర. అడ్డంగా ఉండాలన్నారు కదా, మీ అందరివీ అడ్డంగానే ఉంటాయని.”

“ఉండాలి. మరి?”

“గాలికి తాడు వదులై ఏటవాలుగా వాలిపోయింది. ఎప్పుడు వాలిందో చూసుకోలేదు. చివర్లో మీ వంతొచ్చింది, వైర్‌లెస్ సెట్‌లో ‘రెడీనా’ అన్నారు, అప్పుడు చూశాను. గబగబా సరిచేశాను.”

“సరిచేసి?”

“ఊరుకున్నాను.”

“మాస్టారి వంతప్పుడు వాలే ఉందా?”

“ఆయనది మీకు ముందేగా. వాలే ఉంటుంది. అలా వాలితే ఎంత పోతుందండీ? కొంచెమేగా? కొంచెమే అనండి.”

“సగం బలం పోతుంది. మూడు డీబీలు.”

“అంటే ఆయన పదికి మూడు కలిపితే...”

“పదమూడు. ఏటా ఆయనకొచ్చేదంతే.”

“ఏటా అంతేనా? మీకు తెలుసా?”

“మీటరు చూసి అంకెలు రాసింది నేనే కదా.”

“మరి పది చూసినప్పుడు ఏమనుకున్నారు?”

“కూర వేడి చెయ్. ఆకలేస్తోంది.”

“ఏమండీ!”

“ఎక్కడో తేడా కొట్టిందనుకున్నాను. చాలా?”

“మళ్ళీ కొలుద్దామనలేదే?”

“అందామనే నోరు తెరిచాను. ఈలోగా మనది పన్నెండొచ్చింది. సెట్‌లో చెప్పగానే నువ్వేమో మేడ మీంచి రెండు చేతులూ ఊపేస్తున్నావు...”

“ఓహో. నా మీదకి తోస్తున్నారన్నమాట.”

“లేదు. గెలవాలని నాకే ఉంది. అదీ నిజం.”

“చెప్పేద్దామండీ. నాకు ముద్ద దిగదు.”

“సరే, ఫోన్ చెయ్.”

“మీ గురువుగారు, మీరే చెయ్యండి.”

“కర్ర నీది.”

“అంకెలు మీవి.”

“...ఇటివ్వు. స్పీకర్‌లో పెడతాను, ఇద్దరం చెబుదాం. హలో, మాస్టారూ—”

“నూరేళ్ళు నీకు! ఇప్పుడే మిమ్మల్ని తలుచుకుంటున్నానయ్యా. అమ్మాయి ఉందా పక్కన?”

“ఉన్నానండీ. మాస్టారూ, పొద్దున కొలతల్లో ఒక—”

“కొలతలకేం తల్లీ, బ్రహ్మాండం! నిజం చెప్పనా, ఇంటికొచ్చేదాకా నా మనసు మనసులో లేదు. వచ్చి కూర్చున్నాక నవ్వొచ్చింది. పిల్లలు కర్టెన్ కడ్డీలతో ఓడించారంటే నాది పాతబడిపోయినట్టేగా? అందుకే రంపం తీశాను.”

“రంపమా! మాస్టారూ, ఆగండి, కోయకండి—”

“ఇంకెక్కడి ఆగడం? కోసేసి గంటైంది, నా యాంటెన్నా కడ్డీలన్నీ సరిగ్గా మీ కొలతలకే! రేపు పొద్దున ఏడింటికల్లా ఇద్దరూ వచ్చేయండి, మీ చేత్తోనే కట్టించుకుంటాను.”