పక్కపక్క కీలు

1994. తెనాలిలోని ఒక ప్రెస్సు. తెలుగు టైపు ప్రోగ్రాం రాసిచ్చిన ఇంజనీరును ప్రెస్సు యజమానురాలు పిలిపించింది.

“సేవ్ చేసే కీ పక్కనే చెరిపేసే కీ పెడతారా ఎవరన్నా? క్రిస్మస్‌కి ఇవ్వాల్సిన రేపల్లె చర్చి పాటల పుస్తకం మొత్తం పోయిందండి!”

“ఇది బాగా అలవాటున్నవాళ్ల కోసం చేసింది మేడం. వాళ్లకి ఇదో సమస్య కాదు.”

“మూడేళ్లుగా రోజూ దీని మీదే కొడుతున్నాను. ఇంకెంత అలవాటు కావాలేంటి? వేగంగా కొడతాను కాబట్టే వేలు జారింది.”

“పోనీ, చెరిపేముందు ‘నిజంగానా?’ అని అడిగేట్టు పెడతానండి.”

“రోజుకి వందసార్లు అడిగితే చూడకుండానే అవునని కొట్టేస్తాను. నా వేగం నాకు ఉంచండి. చెరిపేసింది వెనక్కొచ్చేట్టు చెయ్యండి.”

“అది చాలా కష్టమండి.”

“ఓహో! మీకు కష్టమైందల్లా నేను అలవాటు చేసుకోవాలి. దానికి నైపుణ్యమని పేరొకటి!”

అతను జేబులోంచి పెన్ను తీసి ఆ మాట రాసుకున్నాడు.

“సరేనండి. చేసిస్తాను.”

“చేద్దురుగాని. ముందు ఆ కుర్చీలో కూర్చోండి. రాతప్రతి నేను చదువుతాను, పోయిన పాటలన్నీ మీరు కొట్టండి.”